ఆ 240 గుడ్లు ఎక్కడివి?

పిల్లలూ! మధ్యాహ్న భోజనంలో మీ పళ్లెంలోకి వచ్చే ఉడికించిన గుడ్డును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? పెంకు తెల్లగా ఉంటుంది. గుడ్లన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. మీ ఇంటి పెరట్లో నాటుకోడి పెట్టే గుడ్డు ఇలా ఉండదు. అది కాస్త చిన్నది, లేత గోధుమరంగుది. పళ్లెంలోని తెల్లగుడ్డు పెట్టిన కోడి పేరు తెల్ల లెగ్‌హార్న్. ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడి అని దానికి పేరు. మన నాటుకోడి 60 గుడ్లు పెడితే గొప్ప.

300లోంచి 60 తీసివేస్తే 240. ఇంతవరకు రెండో తరగతి లెక్క. అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. ఆ ఎక్కువ 240 గుడ్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఈ ప్రశ్న వేసుకోకుండా పాఠం చెప్పి నేనొకసారి దెబ్బతిన్నాను. నిజానికి దెబ్బతిన్నది నేను కాదు, ఒక అవ్వ.

అవ్వ తెచ్చిన ఫిర్యాదు

కొన్నేళ్ల కిందటి మాట. పలమనేరులో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ, "నాటుకోడి 60, లెగ్‌హార్న్ 300" అని నల్లబల్లమీద రాశాను. ఒక పిల్లవాడు ఇంటికి పోయి ఈ లెక్క వాళ్ల అవ్వకు చెప్పాడు. అవ్వకు ఐదు నాటుకోళ్లున్నాయి. వాటి పిల్లలను అమ్మిన డబ్బుతోనే ఆ అబ్బాయికి నోటుపుస్తకాలు, చెప్పులు. మనవడు లెక్కలో గట్టివాడు. "అవ్వా, ఆరు తెల్లకోళ్లుంటే ఏడాదికి 1,800 గుడ్లు!" అన్నాడు. అవ్వ నాటుకోళ్లను అమ్మేసి, ఊళ్లోకి అమ్మకానికి వచ్చిన ఆరు తెల్లకోళ్లను కొన్నది.

మూడు నెలలు తిరక్కుండానే ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. ఇంకొకదాన్ని కుక్క పట్టింది. మిగిలిన నాలుగూ తోలుగుడ్లు పెట్టసాగాయి. పట్టుకుంటే చితికిపోయేంత పలచని పెంకు. ఒక్క కోడి కూడా పొదుగుకు కూర్చోలేదు. పిల్లలూ లేవు, అమ్ముకోడానికి గుడ్లూ లేవు.

ఒకనాడు అవ్వ బడికే వచ్చింది. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నది: "అయ్యవారూ! లెక్క మీరు సరిగానే చెప్పినారు. ఆ లెక్కను కోళ్లకు చెప్పేవాళ్లే లేకపాయిరి."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కోళ్లను చూశాను. అక్కడ చూసినదేమిటో చివర చెబుతాను. ముందు ఈ కోడి సంగతి తెలుసుకుందాం.

కాలూ కాదు, కొమ్మూ కాదు

లెగ్‌హార్న్ అనగానే ఇంగ్లీషు వచ్చిన పిల్లలు "లెగ్ అంటే కాలు, హార్న్ అంటే కొమ్ము" అంటారు. ఆ పేరులో కాలూ లేదు, కొమ్మూ లేదు. ఇటలీ దేశపు పశ్చిమ తీరంలో లివోర్నో అనే రేవుపట్నం ఉంది. ఇంగ్లీషువాళ్ల నోట లివోర్నో కాస్తా లెగ్‌హార్న్ అయింది. 19వ శతాబ్దంలో ఇటలీనుంచి ఈ కోళ్లు ఓడలెక్కి అమెరికా చేరాయి. అక్కడినుంచి ఇంగ్లండుకు, తరువాత ప్రపంచమంతటికీ పాకాయి. ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్టల పిల్లలనే ఏరి పెంచుతూ, తరం తరువాత తరంగా శాస్త్రజ్ఞులు, రైతులు దీన్ని ఇప్పటి స్థితికి తెచ్చారు.

మన దేశంలో పెద్ద ఎత్తున గుడ్ల కోళ్ల పెంపకం పెరగడంలో డాక్టర్ బి.వి. రావుగారి పాత్ర పెద్దది. 1971లో ఆయన వేంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. 1982లో ఆయన చొరవతో రైతులే తమ గుడ్లకు ధర నిర్ణయించుకునేందుకు జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే 'నెక్', ఏర్పడింది. ఆ సంఘం ప్రకటించే ధరల పట్టికలో మన చిత్తూరు పేరు కూడా ఉంటుంది. 2023–24 కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. ఈ కోళ్లఫారాల్లోని తెల్లకోళ్లు చాలామటుకు లెగ్‌హార్న్ రక్తం ఉన్నవే.

చూపుకు కనబడే గుర్తులు

తెల్ల లెగ్‌హార్న్‌ను గుర్తుపట్టడం తేలిక. ఈకలన్నీ తెలుపు. తలమీద పెద్ద ఎర్రని జుట్టు. పుంజుకు అది నిటారుగా నిలబడుతుంది, పెట్టకు ఒక పక్కకు వాలుతుంది. చెవి తమ్మెలు తెలుపు. ముక్కు, కాళ్లు, చర్మం పసుపు. ఒళ్లు తేలిక. ఫారాల్లో గుడ్లు పెట్టే పెట్ట బరువు సుమారు ఒకటిన్నర కిలో మాత్రమే.

ఈ లక్షణాలు అందానికి వచ్చినవి కావు. కోడికి చెమట పట్టదు. ఈకలు లేని ఆ పెద్ద ఎర్రని జుట్టులో రక్తం పారుతూ ఒంటి వేడిని గాలికి వదులుతుంది. చిన్న ఒళ్లు, పెద్ద జుట్టు కనుకనే మన ఎండల్లో ఈ కోడి నెగ్గుకురాగలిగింది. ఒళ్లు చిన్నదైతే దాన్ని పోషించుకునే ఖర్చు కూడా తక్కువే. మేతలో ఎక్కువ భాగం గుడ్డుకు మిగులుతుంది.

పసుపు కాళ్ల వెనుక ఒక చిత్రమైన కథ ఉంది. కోళ్లన్నిటికీ మూలం ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి. దాని కాళ్లు పసుపు కావు. మరి ఈ పసుపు ఎక్కడిది? 2008లో స్వీడన్ దేశంలోని ఉప్సాలా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించి చూశారు. పసుపు చర్మపు జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని తేలింది. ఆ బూడిదరంగు అడవికోడి నివాసం మన దక్షిణ దేశపు అడవులు! ఇటలీ కోడి కాళ్లలో మన అడవి రంగు ఉందన్నమాట.

మొదటి జమ: తల్లితనం

ఇక 240 గుడ్ల లెక్కకు వద్దాం. ముందు నాటుకోడి ఏడాదిని లెక్కవేయండి. అది సుమారు 20 రోజుల్లో 15 గుడ్లు పెడుతుంది. తరువాత పొదుగుకు కూర్చుంటుంది. పొదుగు 21 రోజులు. పిల్లలు బయటికి వచ్చాక 50 రోజులపాటు వాటిని రెక్కల కింద కాపాడుతూ, గింజ ఏరడం నేర్పుతూ తిరుగుతుంది. మొత్తం కలిపితే సుమారు 90 రోజులు. ఏడాదికి ఇటువంటి విడతలు నాలుగు. 15ను 4తో హెచ్చవేస్తే 60. నల్లబల్లమీద నేను రాసిన 60 ఇదే.

చూశారా! నాటుకోడి ఏడాదిలో 80 రోజులు మాత్రమే గుడ్లు పెట్టే పనిలో ఉంటుంది. మిగిలిన రోజులు తల్లి పనిలో గడుస్తాయి. అది సోమరి కాదు సుమా! దాని దృష్టిలో గుడ్డు మన ఆహారం కాదు, తన పిల్ల.

పొదుగుకు వచ్చిన కోడి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది పెరిగితే అండాశయం పని ఆపేస్తుంది. కోడి మేత తగ్గించి, గూట్లోంచి లేవకుండా కూర్చుంటుంది. దగ్గరికి పోతే ఈకలు ఉబ్బించి పొడుస్తుంది. లెగ్‌హార్న్‌ను ఎంపిక చేసిన మనుషులు పొదుగుకు కూర్చునే పెట్టలను తరతరాలుగా పక్కకు తీసేశారు. దాంతో ఆ గుణమే దాదాపు పోయింది. గుడ్డు పెడుతుంది, లేచిపోతుంది. దాని గుడ్లను యంత్రం పొదగాలి, లేదా ఇంకొక కోడి పొదగాలి.

అవ్వ కోళ్లు పొదగకపోవడం జబ్బు కాదు. అది ఆ జాతి లక్షణం.

రెండో జమ: గడియారం

కోడి కడుపులో గుడ్డు తయారయ్యే తీరు ఒక కర్మాగారంలా ఉంటుంది. కోడికి ఎడమవైపు అండాశయం ఒక్కటే పని చేస్తుంది. అందులోంచి పచ్చసొన ఊడి, గరాటులాంటి గొట్టంలో పడుతుంది. సుమారు 3 గంటలు దానిచుట్టూ తెల్లసొన చేరుతుంది. గంటకు పైగా రెండు పలుచని పొరలు ఏర్పడతాయి. తరువాత పెంకు వేసే భాగంలో సుమారు 20 గంటలు ఉంటుంది. మొత్తం 25 గంటల చిల్లర.

రోజుకు 24 గంటలే గదా! నాటుకోడికి ఒక్కో గుడ్డుకు 26 గంటలు పట్టిందనుకోండి. సోమవారం ఉదయం 7 గంటలకు పెడితే, మంగళవారం 9కి, బుధవారం 11కి, గురువారం మధ్యాహ్నం 1కి పెడుతుంది. ఇలా పోగా పోగా పొద్దువాలుతుంది. తరువాతి పచ్చసొన విడుదలకు కావలసిన సంకేతం రాత్రి కొన్ని గంటల్లోనే వస్తుంది. ఆ వేళ తప్పితే మరునాడు సెలవు. లెగ్‌హార్న్‌లో ఏరికోరి పెంచిన రకాలకు ఈ గడియారం ఇంచుమించు 24 గంటలకు కుదిరింది. కనుక సెలవు లేకుండా వారాల తరబడి రోజూ పెట్టగలుగుతాయి.

ఇక్కడొక మాట. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు. గుడ్డు పిల్ల కావడానికే పుంజు కావాలి. ఫారంలో పుంజులు ఉండవు. అంగట్లో కొన్న తెల్లగుడ్డును ఏ కోడికింద పెట్టినా పిల్ల రాదు.

మూడో జమ: వెలుతురు

రాత్రివేళ బస్సులో పోతుంటే, తెల్లవారుజామున చుట్టూ చీకటిగా ఉన్నా కోళ్ల షెడ్లలో దీపాలు వెలుగుతూ కనబడతాయి. కోళ్లకు చదువు చెబుతున్నారా? కాదు. పగలు పొడుగైతేనే కోడి అండాశయం చురుకుగా పనిచేస్తుంది. మన పలమనేరులో డిసెంబరు పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు, జూన్ పగలు 13 గంటలకు కొంచెం తక్కువ. లెగ్‌హార్న్ పూర్తిగా పెట్టాలంటే సుమారు 16 గంటల వెలుతురు కావాలి. ఆ తక్కువైన గంటలను దీపం భర్తీ చేస్తుంది. విచిత్రమేమంటే కోడి ఈ వెలుతురును కంటితోనే కాదు, మెదడుతో కూడా గ్రహిస్తుంది. పలుచని పుర్రెగుండా కాంతి లోపలికి పోయి మెదడులోని కణాలను తాకుతుంది. చూపు లేని కోడి కూడా పగటి పొడుగును కనిపెట్టగలదు!

అవ్వ గూట్లో దీపం లేదు. ఉండవలసిన అవసరం కూడా ఆమెకెప్పుడూ రాలేదు.

నాలుగో జమ: మేత, సున్నం

ఒక గుడ్డు బరువు 55 గ్రాములనుకుంటే 300 గుడ్లు పదహారున్నర కిలోలు. ఒకటిన్నర కిలోల పెట్ట ఏడాదిలో తన బరువుకు 11 రెట్లు గుడ్లు పెడుతుంది! ఇందుకు అది రోజుకు సుమారు 110 గ్రాముల మేత, అంటే ఏడాదికి 40 కిలోలు తినాలి. వట్టి నూకలు చాలవు. మాంసకృత్తులు, ఖనిజ లవణాలు, విటమిన్లు సమపాళ్లలో ఉండాలి.

అన్నిటికంటె పెద్ద ఖర్చు పెంకుది. ఒక పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట ఎముకలన్నిటిలో కలిపి ఉండేది 20 గ్రాములే. ఒక్క గుడ్డు పెట్టిందంటే తన ఎముకల్లో ఉన్నంత కాల్షియంలో పదోవంతు బయటికి పోయినట్టే. 300 గుడ్లకు 600 గ్రాములు, అంటే 30 అస్థిపంజరాలకు సరిపడా!

పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రి. అప్పుడు కోడి నిద్రపోతూ ఉంటుంది, మేత తినదు. కాబట్టి తన కాలి ఎముకల్లోపల దాచుకున్న సున్నాన్ని కరిగించి పెంకుకు ఇస్తుంది. పగలు మేతలో సున్నపురాయి పొడి, గుల్లల పొడి దొరికితే తిరిగి నింపుకుంటుంది. దొరక్కపోతే? కొన్నాళ్లు ఎముకలు అరగదీసి ఇస్తుంది. తరువాత పెంకు పలచబడుతుంది, ఎముకలు పెళుసవుతాయి. అన్నీ సక్రమంగా ఇచ్చే ఫారాల్లో సైతం ఈ కోళ్లకు రొమ్ము ఎముక విరగడం సామాన్యమైన బాధ.

జమలు చూశారు, ఖర్చులు కూడా చూడండి. పంజరాల్లో పెంచే చోట ఒక్కో పెట్టకు దొరికే జాగా మన నోటుపుస్తకం తెరిచి పరిచినంత కూడా ఉండదు. గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ ఎదగవు. చాలాచోట్ల పుట్టిన రోజే వాటిని ఏరివేస్తారు. మన పళ్లెంలో గుడ్డు చవకగా దొరకడం వెనుక ఇవి కూడా ఉన్నాయని తెలుసుకోవడం మంచిది.

కాళ్లు చెప్పిన సాక్ష్యం

ఇప్పుడు అవ్వ ఇంటికి పోదాం. ఆ నాలుగు కోళ్లలో రెండు సంగతులు కంటబడ్డాయి. ఒకటి, ముక్కు కొసలు మొద్దుగా ఉన్నాయి. ఫారాల్లో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నతనంలోనే ముక్కు కొస తీసేస్తారు. అలాంటి ముక్కుతో మట్టిలో పురుగును ఏరుకోవడం కష్టం. రెండు, పసుపుపచ్చగా ఉండవలసిన కాళ్లు పాలిపోయి తెల్లగా ఉన్నాయి.

కాళ్ల రంగుకు, గుడ్లకు సంబంధమేమిటి? మొక్కజొన్నలో, ఆకుల్లో జాంతోఫిల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. కోడి పచ్చసొనకు, పచ్చని చర్మానికి రంగు ఇచ్చేది అదే. పెట్ట గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక మేతలోని పసుపంతా సొనకు పోతుంది, చర్మానికి అందదు. మొదట గుడ్డు వచ్చే ద్వారం చుట్టూ, తరువాత కంటి అంచు, ఆ తరువాత ముక్కు, చిట్టచివర కాళ్లు పాలిపోతాయి. కాళ్లదాకా రావడానికి నెలల తరబడి గుడ్లు పెట్టి ఉండాలి. పెట్టడం మానేస్తే రంగు మళ్లీ అదే వరుసలో తిరిగి వస్తుంది.

అంటే అవ్వ కొన్నవి కొత్త పెట్టలు కావు. ఏదో ఫారంలో ఏడాదికి పైగా గుడ్లు పెట్టి అలిసిన కోళ్లు. ఫారాలు ఏడాదిన్నర వయసు దాటిన పెట్టలను తీసేయడం మామూలే. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదు. కాళ్లు చెప్పాయి. ఆ భాష నేను పిల్లలకు ముందే నేర్పి ఉంటే అవ్వ మోసపోయేది కాదు.

మరి ఏ కోడి మంచిది?

పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు ఆవులను కాపాడుతున్న సంగతి మీకు తెలుసు. ఆ పొట్టి ఆవు కొద్ది మేతతో బతుకుతుంది, చిక్కని పాలిస్తుంది. బిందెల కొద్దీ పాలు కావాలంటే మాత్రం అది కాదు. కోడి సంగతీ అంతే. దీపం, సమతుల మేత, టీకాలు, కాపలా ఇవ్వగలిగితే లెగ్‌హార్న్‌కు సాటి లేదు. పెరట్లో విడిచిపెట్టి, మిగిలిన మెతుకులు వేసేవారికి నాటుకోడే నయం. దాని రంగు గడ్డిలో కలిసిపోతుంది, గద్దకు తొందరగా కనబడదు. తెల్లకోడి దూరానికే కనబడుతుంది.

ఈ రెంటికీ మధ్య దారి కూడా ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి 'వనరాజ', 'గ్రామప్రియ' వంటి రంగు కోళ్లను తయారుచేసింది. గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే ఏడాదికి 150కి పైగా గుడ్లు పెట్టగలదు. పొదుగు పని మాత్రం నాటుకోడికే అప్పగించాలి.

అవ్వ కోళ్లకు చిప్పల పొడి, మంచి మేత పెట్టించాము. పెంకులు గట్టిపడ్డాయి. రెండు పెట్టలు రోజు విడిచి రోజు గుడ్డు పెట్టాయి. అవ్వ తన కూతురి ఊరినుంచి పొదుగుకు వచ్చిన నాటుకోడిని, 13 గుడ్లను గంపలో తెచ్చుకున్నది. 11 పిల్లలు లేచాయి. మరుసటి ఏడు మనవడి నోటుపుస్తకాలు వాటి డబ్బుతోనే వచ్చాయి.

చేసి చూడండి

1. ఒక గుడ్డు పెంకును గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోయండి. బుడగలు వస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు. ఒకటి రెండు రోజుల్లో పెంకు కరిగి మెత్తని పొర మిగులుతుంది. కోడి రాత్రంతా కట్టిన గోడ అదే.

2. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఉన్న ఒక పెట్టను ఎంచుకోండి. అది గుడ్డు పెట్టిన రోజు, వేళ ఒక పుస్తకంలో రాయండి. ఎన్ని రోజులకొకసారి సెలవు తీసుకుంటున్నది? ఎప్పుడు పొదుగుకు వచ్చింది? మూడు నెలలు రాస్తే మీ కోడి గడియారం మీకే తెలుస్తుంది.

ఇప్పుడు కూడా నేను నల్లబల్లమీద 60, 300 అని రాస్తాను. కాని పక్కనే మరో నాలుగు మాటలు రాస్తాను: పొదుగు, గడియారం, వెలుతురు, మేత. ఈ నాలుగూ రాశాకగాని ఏ పిల్లవాణ్నీ లెక్క చేయనివ్వను.